మేడిపండ్లవాడు, బెల్లం కాటావాడు

మా సంఘంలో ఒక గుంటడున్నాడు. డిగ్రీ ఆఖరి ఏడు. బైబిలు కాలేజీకి వెళ్ళాలా, బ్యాంకు పరీక్షలు రాయాలా అని ఊగిసలాడుతున్నాడు. మొన్న ఆరాధన అయ్యాక నా పక్కన చేరి, "తాతా, పిలుపంటే ఎలాగుంటాది? నీకేటైనా వినబడిందా?" అనడిగాడు. నాకేమీ వినబడలేదు. 1974 నుంచి 2010 దాకా అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా వేసినవాణ్ణి నేను. నా చెవినపడ్డవల్లా కళాసీల కేకలూ, వేలం పాటలూ, బెల్లం దిమ్మ కాటా మీద పడే చప్పుడూ. అయినా అడిగినవాడికి ఏదో ఒకటి చెప్పాలి కదా. వాడికి చెప్పినవి కొన్ని, చెప్పలేక దాచుకున్నవి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

1. పేరుకు తోక కంటే చేతిలో పని మేలు

ప్రవక్తల్లో నాకు దగ్గరివాడు ఆమోసు. యెరూషలేముకు దక్షిణాన పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న తెకోవ అనే కొండ ఊరివాడు. క్రీస్తుకు ముందు 8వ శతాబ్దపు మనిషి. పశువులు కాచుకుంటూ, మేడిపండ్ల పని చేసుకుంటూ బతికాడు. మన తెలుగు బైబిల్లో మేడిపండ్లు అనే ఉంది. (మేడిపండనగానే మనవాళ్ళకు వేమన గుర్తొస్తాడు. ఆమోసు చేసింది కూడా పొట్ట విప్పి చూపించడమే లెండి.) ఆ దేశపు మేడికాయకు పచ్చిగా ఉండగానే కత్తితో గాటు పెట్టాలట. పెడితే నాలుగు రోజుల్లో పండుతుంది. తెకోవ ఎత్తుకు, అక్కడి చలికి ఆ చెట్లు బతకవు గనుక పల్లానికి దిగి ఆ పని చేసుకొచ్చేవాడని పండితులంటారు. సొంత మందలున్నవాడు, మరీ పేదవాడేం కాదు అనేవాళ్ళూ ఉన్నారు. ఉండనీ. చేతికి మేడిపాలు అంటిన మనిషే కదా.

ఆయన బేతేలు వెళ్ళి రాజుగారి గుడి దగ్గరే తీర్పు మాటలు పలికితే, అక్కడి యాజకుడు అమజ్యాకు కోపమొచ్చింది. నీ యూదా దేశానికి పోయి అక్కడ ప్రవచనం చెప్పుకుని పొట్ట పోసుకో అన్నాడు. ఆమోసు తనకు ఏ బిరుదూ చెప్పుకోలేదు. ప్రవక్తను కాను, ప్రవక్తల దగ్గర నేర్చుకున్నవాణ్ణీ కాను, మంద వెనక నడుస్తుంటే దేవుడు తీసుకెళ్ళాడు అన్నాడు.

నేను సంఘ పెద్దనైన కొత్తలో ఒక కూటానికి ఫ్లెక్సీ వేయిస్తూ, నా ఫొటో కింద 'దైవజనులు' అని పెట్టించబోయాను. డబ్బు కూడా ఇచ్చేశాను. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో మా ఆవిడ వరసలో వచ్చిన అధ్యాయం చదివింది. ఈ మాటలున్న ఆమోసు ఏడే. పొద్దున్నే వెళ్ళి ఫ్లెక్సీ ఆపించాను.

2. బేరం మొదలవకముందే మట్టం చూసుకోవాలి

నేను చేరిననాడు ఇనప గుళ్ళ కాటాలు. గుళ్ళకు తూనికల శాఖ వాళ్ళ ముద్రుండేది. తర్వాత కరెంటు కాటా వచ్చింది. దానికో మూల చిన్న గాజు బిళ్ళ, అందులో నీటిబుడగ ఉంటుంది. బుడగ నడిమి గీతలోకి రాకపోతే కాటా ఎంత ఖరీదైనదైనా అబద్ధమే చెబుతుంది. పళ్ళెం కింద బెల్లం ముక్కలు అంటుకుని ఎండిపోతాయి, వాటిని గోకాలి. పొద్దున్న మొదటి బండి రాకముందు గోకడం, తుడవడం, బుడగ చూడడం, సున్నా చూడడం. నా ఉదయకాల ప్రార్థన సగం అదే. ఆమోసుకు దేవుడు మట్టపు గుండు పట్టుకుని గోడ మీద నిలబడి కనిపించాడు. ఆ దర్శనం నాకు అర్థం కావడానికి ఏ వ్యాఖ్యానమూ అక్కర్లేకపోయింది.

ఎనిమిదో అధ్యాయమైతే అచ్చంగా మా యార్డు గురించి రాసినట్టే ఉంటుంది. విశ్రాంతి దినం ఎప్పుడైపోతుందా, ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా అని ఎదురుచూసే వర్తకులు. కొలిచే పాత్రను చిన్నది చేసి, తూచే రాయిని బరువు చేసి, ఊకను కలిపి అమ్మేవాళ్ళు. ఆదివారం ప్రసంగం సాగుతుంటే సోమవారం ధర ఎంత పలుకుతుందో లెక్కవేసిన పాపం నాకూ ఉంది.

3. పెదవి కూడా త్రాసే

ఇది ఆ గుంటడికి చెప్పలేదు.

1986లో మా చెల్లి పెళ్ళికి ఒక వర్తకుడి దగ్గర ఐదు వేలు అప్పు తీసుకున్నాను. ఆయన నన్ను తప్పు చెయ్యమని ఎప్పుడూ అడగలేదు. ఒక రోజు మాత్రం, "బెల్లం చెమ్మగా ఉన్నట్టుంది, కాస్త చూసి పలుకు" అన్నాడు. అంతే. ఆ బెల్లం చెమ్మగా లేదు. పొడిగా, గట్టిగా ఉంది. దిమ్మకు అరకిలో తగ్గించి పలికాను, గుమస్తా రాసుకున్నాడు. 62 దిమ్మలు. 31 కిలోలు. రైతు భుజాన తువ్వాలు వేసుకుని ఎదురుగా నిలబడే ఉన్నాడు.

ఆమోసు కూడు అమజ్యా చేతిలో లేదు, అందుకే అంత మాట అనగలిగాడు. నా కూడు ఆ వర్తకుడి చేతిలో ఉంది. ఈ మాట సాకుగా చెప్పడం లేదు. అప్పు చేసిన రోజే నా కాటా వంగిపోయింది, పలికిన రోజు కాదు. చిన్న జీతంతో నిజాయితీగా బతకాలనుకునేవాడు ముందు చూసుకోవలసింది ఎవరి దగ్గర అప్పున్నాడో.

పదకొండేళ్ళు మోశాను. 1997లో ఆ 31 కిలోల డబ్బు కట్టుకుని బస్సెక్కి ఆ రైతు ఊరు వెళ్ళాను. అసలుకు నూటికి రెండు చొప్పున నెలవడ్డీ కట్టి తీసుకెళ్ళాను. సువార్తలో జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు, నాకంత గుండె లేదు. ఆయన అరుగు మీద కూర్చుని ఆసాంతం విన్నాడు. "ఆ రోజే తెలుసు బాబూ. నాను కాటా సూడలేదు, నీ మొకం సూసినాను" అన్నాడు. తర్వాత డబ్బు లెక్కపెట్టి, "ఏటి వడ్డీ కట్టినావు?" అనడిగాడు. రెండు అన్నాను. "ఆ యేడు తగ్గిన సొమ్ముకి నాను మూడు కట్టి తెచ్చినాను" అన్నాడు.

వాళ్ళావిడ మజ్జిగ ఇచ్చింది. తాగాను. క్షమించానని ఆయన అనలేదు, నేనూ అడగలేదు. మిగతా రూపాయి వడ్డీ సొమ్ము రెండు వారాల తర్వాత పట్టుకెళ్ళి ఇచ్చాను. పశ్చాత్తాపం గురించి నేను విన్న ప్రసంగాల్లో ఆ మూడు రూపాయల వడ్డీ ప్రసంగానికి సాటి వచ్చేది లేదు.

4. తెల్లగా కనిపించిందల్లా మంచిది కాదు

కొనేవాళ్ళు తెల్లటి బెల్లానికి ఎక్కువ ధర పెడతారని వండేటప్పుడు హైడ్రోస్ అనే రసాయనం వేస్తారు. రంగు వస్తుంది, ఒళ్ళు చెడుతుంది. ఇక నల్లబెల్లం కొంత సారా బట్టీలకు పోతుందని ఎక్సైజు వాళ్ళ నిఘా. ఆ మూటలు ఎక్కడికి పోతున్నాయో కాటావాడికి ఒక్కోసారి తెలుస్తుంది. రెండుసార్లు తూచనన్నాను. ఒకసారి ఇంకొకడిని పిలిచి తూయించుకున్నారు. రెండోసారి నాకు వారం రోజులు పని లేదు. ఇందులో గెలిచిందేమీ లేదు, సరుకు ఎలాగూ వెళ్ళింది.

5. శారదా నది లాంటి భక్తి వద్దు

మన శారదా నది వానల్లో గట్లు తెంచుకునేలా పొంగుతుంది, ఎండాకాలంలో ఇసుక తేలుతుంది. ఆమోసు అడిగింది ఏడాది పొడుగునా పారే నీరు. మీ పాటల గోల ఆపండి, న్యాయాన్ని ఎండని ఏరులా పారనివ్వండి అనే అర్థం వచ్చే మాటలు అయిదో అధ్యాయంలో ఉన్నాయి. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో మార్టిన్ లూథర్ కింగ్ ఆ మాటలనే ఎత్తుకున్నాడు. మనం మాత్రం కొత్త సౌండు బాక్సులు కొన్నాం. ఉజ్జీవ కూటాలకు లక్షలు ఖర్చుపెట్టిన ఏడాదే, మన ఆవరణ ఊడ్చే ఆమెకు మూడు నెలల జీతం బాకీ పడ్డాం. పెద్దల్లో నేనూ ఒకణ్ణి. కమిటీలో ఆ సంగతి ఎత్తితే, ముందు మైకుసెట్టు బిల్లు తీరనివ్వండి అన్నారు. గట్టిగా పట్టుబట్టాక జీతం ఇచ్చారు. సౌండు బాక్సులు ఇప్పటికీ మోగుతూనే ఉన్నాయి, నా చెవులే తగ్గాయి.

6. వదిలివెళ్ళినవాళ్ళూ ఉన్నారు, ఉండిపోయినవాళ్ళూ ఉన్నారు

పని వదలడం తప్పని నేననను. కాకినాడలో తామస్ గాబ్రియేల్ ప్రభుత్వ టెలిగ్రాఫు ఉద్యోగం వదిలి సువార్త పనిలో దిగాడు. కెనడా బాప్టిస్టు మిషనరీ మెక్లారిన్ 1874లో అక్కడికి వచ్చేనాటికే ఆ తెలుగు మనిషి పని మొదలుపెట్టి ఉన్నాడు. దొరలు తెచ్చారనుకునే ఈ ఉత్తర సర్కారు సంఘాల పునాదిలో ఒక తంతి ఉద్యోగి ఉన్నాడన్న సంగతి మన పిల్లలకు చెప్పం. ఆయనకు ఉద్యోగం వదలమని పిలుపు. నాకు ఉద్యోగంలో ఉండమని పిలుపు, అదీ దాదాపు ఆఖర్న గాని తెలియలేదు.

అందుకని ఆ గుంటడికి బైబిలు కాలేజీ వద్దనీ చెప్పలేదు, బ్యాంకు మేలనీ చెప్పలేదు. అప్పు చెయ్యకురా అన్నాను. ఇంకొకటి కూడా అన్నాను: ఆరాధన పదిన్నరకి. నువ్వు తొమ్మిదిన్నరకే వచ్చెయ్యి, చాపలు పరవడానికి ఒక మనిషి తక్కువవుతున్నాడు, నాకు నడుం వంగడం లేదు.