స్థానవిభాగ గుణకారం

వానకు ఎదురుచూచే కర్నూలు, కడప సీమలలో అనేక మెట్టరైతులకు వేరుశనగే ఆధారం. దానినే అక్కడ బుడ్డలనీ శెనక్కాయలనీ అంటారు. ఒక రైతు ఆదోని మార్కెట్ యార్డుకు 24 బస్తాలు తెచ్చాడనీ, ఒక్కొక్క బస్తా 43 కిలోలు తూగిందనీ భావించండి. మొత్తం తూకమెంతో అతడు నోటిలెక్కతోనే తేల్చుకోవాలి.

24ను 20, 4గా విడదీస్తే పని తేలికవుతుంది. 43ను ఇరవైతో హెచ్చవేయగా 860, నాలుగుతో హెచ్చవేయగా 172. రెండూ కలిసి 1032 కిలోలు.

తొందరపాటులో ఒక పొరపాటు తరచు దొర్లుతుంది. రెండు సంఖ్యలనూ విడదీసి, ఇరవైని నలభైతోను, నాలుగును మూడుతోను మాత్రమే హెచ్చించి 812 అనేస్తారు. ఇరవై మూళ్లు 60, నాలుగు నలభైలు 160 విడిచిపోయాయి. పోయినవి 220 కిలోలు, అనగా ఐదు బస్తాలకు మించిన పంట. తక్కెడలో మోసమేమీ లేకుండానే అది లెక్కలో పోయింది! ఒక సంఖ్యలోని ప్రతి భాగమూ రెండవ సంఖ్యలోని ప్రతి భాగంతోనూ హెచ్చింపబడాలి.

ఈ పద్ధతి కొత్తది కాదు. భాస్కరాచార్యుడు 1150లో రచించిన ‘లీలావతి’లో 135ను 12తో హెచ్చించే లెక్క ఉంది. పన్నెండును 8, 4గా ముక్కలు చేయడం ఖండగుణనం. పదుల, ఒకట్ల స్థానాలుగా విడదీయడం స్థానవిభాగం. మొదటి దారిలో 1080, 540. రెండవ దారిలో 1350, 270. ఎటుపోయినా 1620. అంతకు పూర్వమే, పదకొండవ శతాబ్దంలో, పావులూరి మల్లన మహావీరాచార్యుని ‘గణితసారసంగ్రహా’న్ని తెనిగించి, లెక్కలను తెలుగు పద్యాలలో పొదిగాడు.

అయితే స్థానవిభాగమే అన్నివేళలా సులువని కాదు. బస్తాలు 19 అయితే ఇరవైకి లెక్కకట్టి ఒక బస్తా తీసివేయడమే మేలు: 860లో 43 పోగా 817.