పసిబిడ్డను చూడబోవువారు తెలిసికొనవలసిన విషయములు

విజయనగరము – రాయపూరు రైలుమార్గము 1931లో పూర్తియైనది. రైల్వే కొలువులకును, వ్యాపారములకును వచ్చి రాయపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము కలవు. అచ్చటి మిత్రుల యింట తొలిసారి బిడ్డ పుట్టినదని తెలియగానే స్వస్థలములోని చిన్ననాటి నేస్తములు చూడబోవుట సహజము. పార్వతీపురము, రాయగడ, మహాసముంద్ మీదుగా క్రిక్కిరిసిన పెట్టెలో రాత్రంతయు ప్రయాణము చేసి, గుమ్మమున అడుగిడగానే బిడ్డకై చేతులు చాతురు. ప్రేమతో చేయు ఈ పనియే బిడ్డకు కీడు కలిగింపవచ్చును.

బయలుదేరుటకు ముందు

నవజాత శిశువునకు రోగముల నెదుర్కొను శక్తి మిక్కిలి తక్కువ. పుట్టిన వెంటనే బి.సి.జి., హెపటైటిస్-బి టీకాలును, పోలియో చుక్కలును ఇత్తురు. కాని కోరింతదగ్గును నివారించు టీకా 6, 10, 14 వారముల వయస్సున మాత్రమే ఇత్తురు. పెద్దలకు మామూలు దగ్గుగా తోచు ఈ వ్యాధి పసికందునకు ప్రాణాంతకము కావచ్చును. కావున జలుబు, దగ్గు, జ్వరము, విరేచనములు, ఒంటిపై పొక్కులు గలవారు ప్రయాణము వాయిదా వేసికొనవలెను. ఒక నెల ఆలస్యమైనంత మాత్రమున స్నేహము తరుగదు.

ఇల్లు చేరిన పిదప

1847లో వియన్నా నగరములోని ఒక ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, ప్రసూతి వార్డులోనికి వచ్చు వైద్యులు క్లోరిన్ ద్రావణముతో చేతులు కడుగుకొనవలెనని నియమము చేయగా, బాలింతల మరణములు ఎంతయో తగ్గినవి. వైద్యులకే అవసరమైన ఈ శుద్ధి రైలు దిగివచ్చిన అతిథికి అవసరము కాదా? స్నానము చేసి, ఉతికిన బట్టలు కట్టుకొని, సబ్బుతో చేతులు కడుగుకొని, తల్లి సమ్మతించిన పిదపనే బిడ్డను ఎత్తుకొనవలెను. ముద్దు పెట్టరాదు. ఆ యింట పొగ త్రాగరాదు.

ఛత్తీస్‌గఢ్‌లో ఆరవనాటి ఛట్ఠీ వేడుకకును, మనవారి పురుడు, బారసాలలకును బంధుమిత్రులు గుమిగూడుదురు. అట్టి వేళలలో బిడ్డను చేతినుండి చేతికి మార్చక, తల్లి ఒడిలోనే చూచి దీవింపవలెను.

సలహాలు, కానుకలు

ముర్రుపాలు పిండి పారబోయుమనియు, తేనె నాకింపుమనియు, ఆముదము పట్టుమనియు చెప్పుట తగదు. తేనె వలన ఏడాది నిండని బిడ్డకు, అరుదుగానైనను, కండరములు చచ్చుపడు వ్యాధి కలుగవచ్చును. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలును. రాయపూరు మే నెల యెండలలో సైతము నీరు పట్టనక్కరలేదు. పాలపొడి డబ్బాలను, పాలసీసాలను కానుకగా తీసికొని పోరాదు. వీటి ప్రకటనలను 1992 నాటి చట్టము నిషేధించినది. ఒక పూట వంట చేయుట, బట్టలు ఉతుకుట, తల్లిని నిద్రింపనిచ్చుట ఇంతకంటె మేలైన కానుకలు. ఆడపిల్ల పుట్టినదని నిట్టూర్చి బాలింత మనస్సు నొప్పింపరాదు.

మితానిన్ చూపిన దారి

ఛత్తీస్‌గఢ్ ప్రజలు స్నేహమును జీవితాంత బంధముగా పాటింతురు. అట్టి నెచ్చెలిని మితానిన్ అందురు. 2002లో ఆరంభమైన పథకమున గ్రామారోగ్య కార్యకర్తలకు ఆ పేరే పెట్టిరి. 2005లో దేశమున ఆరంభమైన ఆశా కార్యక్రమమునకు ఈ పథకము ఒక మార్గదర్శి. ఆసుపత్రిలో ప్రసవమైనచో ఈ కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి వచ్చి, చేతులు కడుగుకొని, బిడ్డ బరువు తూచి, జ్వరము చూచి, పాలు త్రాగు తీరును గమనించును. స్నేహితులు ఆమె మాటకు అడ్డు చెప్పక, ఆమెవలెనే కనిపెట్టి చూడవలెను.

బిడ్డ పాలు త్రాగకున్నను, నిమిషమునకు 60 లేక అంతకు మించి ఊపిరి తీయుచున్నను, ఒడలు కాలుచున్నను లేక చల్లబడినను, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడినను, మూర్ఛ వచ్చినను జాగు చేయక 102కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్పవలెను. తల్లికి జ్వరము గాని, అధిక రక్తస్రావము గాని ఉన్నచో అట్లే చేయవలెను. రెండు వారములు దాటినను ఆమెకు దిగులు తీరకున్నచో వైద్యునికి చూపవలెను.

దూరమునుండి వచ్చిన నేస్తము తిరిగి పోవునాటికి తల్లి కొంత విశ్రాంతి పొంది, బిడ్డ ఆరోగ్యముగా ఉన్నచో ఆ రాక సార్థకము.