ఎలుకలు నేర్పిన పాఠం: మార్ఫిన్, మెదడు, జ్ఞాపకం

క్యాన్సరు నొప్పికి మార్ఫిన్ మాత్రలు రాసినప్పుడు ఇంటివాళ్ళు మమ్మల్ని పక్కకు పిలిచి అడుగుతుంటారు: "డాక్టరుగారూ, ఇవి వాడితే నాన్నగారికి మతిమరుపు వస్తుందా? మమ్మల్ని గుర్తుపట్టరా?" అడగవలసిన ప్రశ్నే. జవాబులో కొంత భాగం ఎలుకల దగ్గర నుంచి వచ్చింది.

మార్ఫిన్‌ను నల్లమందు నుంచి తీస్తారు, హెరాయిన్‌ను మార్ఫిన్ నుంచి తయారుచేస్తారు. ఈ మందులు వెళ్ళి అతుక్కునే గ్రాహకాలు మెదడులో ఉన్నాయని 1973లో తేలింది. తాళానికి తాళంచెవి అనుకోండి. అయితే గసగసాల మొక్క పాలకు మన మెదడులో తాళం ఎందుకు? 1975లో స్కాట్లండులోని అబర్డీన్‌లో హ్యూస్, కోస్టర్‌లిట్జ్ అనే శాస్త్రవేత్తలు పంది మెదడు నుంచి ఎన్‌కెఫాలిన్లను వేరుచేశారు. మార్ఫిన్‌లా పనిచేసే పదార్థాన్ని మెదడు తానే తయారుచేసుకుంటోంది. తాళం ఉన్నది దానికోసమే.

ఇక జ్ఞాపకం సంగతి. ఎలుకకు వెలుతురు గిట్టదు. రెండు గదుల పెట్టెలో వెలుతురు వైపు వదిలితే చీకటి గదిలోకి దూరుతుంది. అక్కడ కాళ్ళకు చిన్న కరెంటు షాకు తగులుతుంది. మర్నాడు అదే పెట్టెలో పెడితే గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఎంతసేపు ఆగితే అంత బాగా గుర్తున్నట్టు. 1978లో గాలహర్, కాప్ అనే పరిశోధకులు షాకు తగిలాక, భయానికి సంబంధించిన అమిగ్డలా అనే మెదడు భాగంలోకి మార్ఫిన్ జాతి మందు ఎక్కించారు. ఆ ఎలుకలకు పాఠం సరిగా గుర్తులేదు. దానికి విరుగుడైన నలోక్సోన్ ఇచ్చినవాటికి మరింత బాగా గుర్తుంది. పాఠం అయ్యాకే మందు ఇచ్చారు గనుక, అది దెబ్బతీసింది నేర్చుకోవడాన్ని కాదు, నేర్చినది మెదడులో స్థిరపడడాన్ని.

ఇంకో చిత్రం. మార్ఫిన్ ఇచ్చి నేర్పిన పాఠం మర్నాడు మందు లేకపోతే ఎలుకకు గుర్తురాదు, మందు మళ్ళీ ఇస్తే గుర్తొస్తుంది. అంటే పాఠం చెరిగిపోలేదు, అప్పటికి దొరకలేదంతే.

మాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది కెనడాలో షెపర్డ్ సీగెల్, ఆయన సహచరులు చేసి 1982లో ప్రచురించిన ప్రయోగం. ఎలుకలకు ఒకే గదిలో హెరాయిన్ అలవాటు చేసి, చివరికి పెద్ద మోతాదు ఇచ్చారు. అలవాటైన గదిలోనే ఇచ్చినవాటిలో సుమారు 32 శాతం చనిపోయాయి. అదే మోతాదు వేరే గదిలో ఇస్తే సుమారు 64 శాతం! అంతకుముందు హెరాయిన్ ఎరుగనివి సుమారు 96 శాతం చనిపోయాయి. ఆ గది, ఆ వాసన తగలగానే మందు రాబోతోందని శరీరం నేర్చుకుని, ముందే ఎదురు నిలుస్తుంది. కొత్తచోట ఆ సిద్ధపాటు ఉండదు. మందుకు తట్టుకోవడంలోనూ జ్ఞాపకం ఉందన్నమాట.

ఎలుక మనిషి కాదు, పెట్టెలో షాకు క్యాన్సరు నొప్పీ కాదు. మార్ఫిన్ మొదలుపెట్టిన కొత్తలో మగతగా, మబ్బుగా ఉండడం మామూలే, చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గుతుంది. తీవ్రమైన నొప్పి కూడా మనసును నిలవనివ్వదు. అందుచేత మతిమరుపు భయంతో మాత్రలు దాచిపెట్టకండి. గందరగోళంగా మాట్లాడుతుంటే మాత్రం మాకు వెంటనే చెప్పండి. ఏ కారణంగానైనా కొన్నాళ్ళు మాత్రలు ఆగిపోతే పాత మోతాదును మీకు మీరే మళ్ళీ మొదలుపెట్టవద్దు. ఆ విరామంలో శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది.

మత్తుకు అలవాటుపడి, చికిత్స పొంది ఇంటికొచ్చిన పిల్లలున్న తల్లిదండ్రులు ఇది మరీ గుర్తుంచుకోవాలి. మాని కొంతకాలమైనవాడు ఒక్కసారి పాత మోతాదు తీసుకుంటే అదే ప్రాణం తీయవచ్చు. పిలిస్తే పలకక, శ్వాస మెల్లగిల్లి, పెదవులు నీలంగా మారి, కంటిపాప సూదిమొనంత అయితే, నిద్రపోతున్నాడులే అని వదిలేయకండి. 108కి ఫోను చేసి, ఏమి తీసుకున్నాడో దాచకుండా చెప్పండి. నలోక్సోన్ ఇంజెక్షను సమయానికి అందితే ఆగిన శ్వాస మళ్ళీ అందుకోవచ్చు.