నూలుబట్ట ఆయుర్దాయము

నంద్యాల ప్రాంతపు నల్లరేగడి నేలలు ప్రత్తికి పేరుపొందినవి. 1906లో నంద్యాలయందు నెలకొల్పబడిన వ్యవసాయ పరిశోధన స్థానమునుండి 'నరసింహ' మొదలగు ప్రత్తి వంగడములు రైతులకు చేరినవి. ఇట్టి ప్రత్తిసీమయందు సయితము పూర్వము నూలుబట్టను పారవేయువారు కారు. శివరాత్రికి యాగంటి ఉమామహేశ్వరుని సేవింప ఎడ్లబండ్లు కట్టుకొని పోవు దినములలో, బండిలోని గడ్డిపై పరచుటకును, రాత్రివేళ కొండగాలికి కప్పుకొనుటకును పల్లెలనుండి ఒక వస్తువు తప్పక వెంట వచ్చెడిది. అదియే బొంత.

బొంతకు క్రొత్తబట్ట పనికిరాదు. అవ్వ కట్టి విడిచిన చీరలను, తాత పంచెలను ఉతికి ఆరవేసి, నాలుగైదు పొరలుగా నేలపై పరచుదురు. చినిగినచోట మరియొక గుడ్డముక్క పడును. అంచునుండి లోనికి, వరుస వెంట వరుసగా, పొడుగు కుట్లు వేయుదురు. పలుమార్లు ఉతికి మెత్తబడిన నూలు పసిబిడ్డ మేనికి ఒరసుకొనదు. పొరల నడుమ నిలిచిన గాలి వెచ్చదనమును పోనీయదు.

ప్రాతబట్టకు ఇంతటి గౌరవము ఇచ్చిన మరియొక జాతి జపానువారు. విచిత్రమేమనగా, ఆ దేశమునకు ప్రత్తిగింజ మొదట చేరిన కథలో మన దేశము పేరు వినవచ్చుచున్నది.

799వ సంవత్సరమున జపానులోని మికావా తీరమునకు ఒక చిన్న పడవ కొట్టుకొనివచ్చెను. అందు ఇరువది యేండ్ల యువకు డొకడు ఉండెను. అతని భాష ఎవరికిని తెలియలేదు. భుజముపై ఒక వస్త్రము, నడుమున గోచి, ఒక ఒంటితీగ వాద్యము, కొన్ని గింజలు, ఇవియే అతని ఆస్తి. ఆ గింజలు ప్రత్తిగింజలు. కొంతకాలమునకు ఆ దేశపు మాట నేర్చి, తాను 'తెన్‌జికు' వాడనని అతడు చెప్పెను. జపానువారు భారతదేశమును పిలిచిన పాతపేరు అదియే. అతడు తన వస్తువులను అమ్మి, బాటప్రక్క ఇల్లు కట్టి, దిక్కులేనివారికి అందు చోటిచ్చెనని ఆనాటి వృత్తాంతములు చెప్పుచున్నవి. అతని పేరు మాత్రము అందు లేదు. మరుసటి యేడు ఆ గింజలను పలు మండలములలో నాటించిరి. పైరు నిలువలేదు. ప్రత్తి ఆ దేశమున గట్టిగా వేరూనుటకు పదునైదు, పదునారు శతాబ్దములదాక ఆగవలసివచ్చెను. అయినను నిషియో పట్టణమున ఒక ఆలయమునందు నేటికిని ఆ పేరులేని యువకుని ప్రత్తిదేవతగా కొలుచుచున్నారు.

అంత ఆలస్యముగా దొరికిన నూలును జపానువారు ప్రాణముగా చూచుకొనిరి. వారి కిమోనో కుట్టు చూచిన ఈ సంగతి తెలియును. మన చీరకు కత్తెర తగులదు. కిమోనోకు తగులును గాని, వంపు తిరుగదు. సుమారు 14 అంగుళముల వెడల్పు, 12 మీటర్ల పొడవుగల తానును నిలువు ముక్కలుగానే కోయుదురు. మనిషికి బట్ట ఎక్కువైనచో కత్తిరింపక లోనికి మడిచి కుట్టుదురు. వస్త్రము మాసినపుడు కుట్లు విప్పి, ముక్కలను మరల తానువలె జతచేసి ఉతికి, బిగించి ఆరవేసి, వెలిసిన భాగము లోపలికి వచ్చునట్లు తిరిగి కుట్టెడివారు. గుండ్రని మెడగల చొక్కాను విప్పిన ఈ లాభము లేదు. దర్జీ కత్తెర క్రింద రాలిన ముక్కలు తిరిగి రావుగదా!

వెలిసిన బట్టనుండియే కురుమె అను ఊరిలో ఒక విద్య పుట్టినది. 1800 ప్రాంతమున ఇనౌయే దెన్ అను బాలికకు పన్నెండు, పదుమూడేండ్లు ఉండును. అనగా మీ యీడుదే. ఒక ప్రాతబట్టపై రంగు పోయి తెల్లని చుక్కలు ఏర్పడుట ఆమె చూచెను. దానిని పోగు పోగుగా విప్పి, రంగు ఎచ్చటెచ్చట పోయినదో గుర్తించెను. క్రొత్త పోగులను అవే చోట్ల దారముతో బిగించి కట్టి, నీలిలో ముంచి, కట్లు విప్పి నేసెను. కట్టినచోట రంగు పట్టక, నీలిబట్టపై తెల్లని చుక్కలు తేలినవి. ఇట్టి బట్టను కసురి అందురు. దెన్ ఈ విద్యను దాచుకొనక ఎందరికో నేర్పి, 1869లో మరణించెను. కురుమె కసురిని కాపాడవలసిన కళగా జపాను ప్రభుత్వము 1957లో ప్రకటించినది.

చీరాల, పుట్టపాక నేతగాండ్ర పనియు ఇట్టిదే. వారును నేతకు ముందే పోగులను కట్టి రంగులద్దుదురు. నూలును నూనెతోను, ఆముదపు కాయల బూడిదతోను పదును చేయుదురు గనుక వారి బట్టకు తేలియా రుమాలు అని పేరు వచ్చినది. పుట్టపాక రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించినది.

ఉత్తర జపానులో చలి మిక్కుటము. అచ్చట ప్రత్తి పండదు. బీదరైతులకు ముతక నారబట్టయే దిక్కు. పడమటి పట్టణములవారు కట్టి విడిచిన నూలుబట్టలు ఓడలలో అచ్చటికి పోయెడివి. చేతికి చిక్కిన ప్రతి పీలికను పొరపై పొరగా అతికి, దగ్గర దగ్గర కుట్లు వేసి, చలిగాలి చొరకుండ చేసిరి. ఆ కుట్టు పేరు సషికో. అతుకులపై అతుకులు పడిన బట్ట పేరు బోరో. చింపిరి యని దాని యర్థము. ఒకప్పుడు పేదరికమునకు గుర్తని సిగ్గుపడి దాచిన బోరోలు నేడు ప్రదర్శనశాలలలో గాజుపలకల వెనుక ఉన్నవి. మన బొంతను చూడవలెనన్న అవ్వ మంచముదాక పోవుటయే సులభము. కర్మాగారపు దుప్పట్లు చౌకగా దొరకుచున్నందున ఆ మంచముపైనను అది అరుదగుచున్నది.

ప్రాత కిమోనో మొదట పిల్లల అంగీ అయ్యెడిది. పిదప పొత్తిగుడ్డ, ఆపై నేల తుడుచు గుడ్డ. అదియు చివికిన తరువాత పొయ్యిలో కాల్చి, ఆ బూడిదను పొలములో చల్లెడివారు.