నిచ్చెన దిగాక ఇంకో గంట

మిర్యాలగూడలో పని దొరకదని నిట్టూర్చే కుర్రాళ్లు కోతల సీజన్‌లో ఏదైనా రైసుమిల్లు గేటు దగ్గర కాసేపు నిలబడి చూడాలి. సాగర్ ఎడమ కాలువ కింద పండిన ధాన్యం ట్రాక్టర్ల మీద బారులు తీరి ఉంటుంది. కాటా దగ్గర గుమస్తా ఫోన్‌లో ఏదో నొక్కుతాడు, ఆగుతాడు, మళ్లీ నొక్కుతాడు. నెట్ రావట్లేదు. ఆఫీసు గదిలో వైఫై బ్రహ్మాండంగా ఉంది, కానీ ఇనుప రేకుల షెడ్డు దాన్ని బయటికి రానివ్వదు. ఆ యార్డులో ఒక స్తంభానికి అవుట్‌డోర్ యాక్సెస్ పాయింట్‌ను, అంటే ఆరుబయట వైఫై పంపే పెట్టెను, సరిగ్గా బిగించగలిగినవాడికి ఈ ఊళ్లోనే కాదు, సూర్యాపేట ఫంక్షన్ హాళ్లలోనూ, కోదాడ హైవే దాబాల్లోనూ పని ఉంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం ప్రకారం చాయ్ కొట్టు యజమాని కూడా లైసెన్సు లేకుండా పబ్లిక్ వైఫై పెట్టి అమ్ముకోవచ్చు. అక్కడా పెట్టె బిగించేవాడు కావాలి.

పని దొరకడం ఒక ఎత్తు, రెండోసారి పిలిపించుకోవడం ఇంకో ఎత్తు. నాలుగు నట్లు, ఒక బ్రాకెట్, ఒక కేబుల్: బిగించడం చాలామందికి వచ్చు. లైటు వెలగగానే "అయిపోయింది సేటూ" అని డబ్బులకు నిలబడేవాడు ఒకడు. నిచ్చెన దిగాక ఇంకో గంట అక్కడక్కడే తిరిగేవాడు ఇంకొకడు. ఎవరి నంబరు సేటు ఫోన్‌లో సేవ్ అయి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

ఆ గంటలో ముందుగా నడవాలి. మీ ఖరీదైన ఫోన్‌తో కాదు, ఆ గుమస్తా ఫోన్‌తో. కాటా దగ్గరికి, ధాన్యం ఆరబోసే చోటికి, లారీలకూ ప్రహరీకీ మధ్య ఉన్న సందులోకి. ఖాళీ యార్డులో బాగా వచ్చిన సిగ్నల్ లారీలు నిండాక రాకపోవచ్చు, అవన్నీ ఇనుప గోడలే కదా. చేతిలో కొలిచే యాప్ ఉంటే మైనస్ 65 డీబీఎం దగ్గర హాయిగా నడుస్తుంది, మైనస్ 75 దాటిందంటే అక్కడ ఆశ పెట్టుకోకండి.

అప్పుడు ఇలాంటి మాట ఒకటి వినపడుతుంది.

"సిగ్నల్ ఫుల్లుంది కదన్నా?"

"ఫుల్లే ఉంది తమ్మీ, కాటా స్లిప్పు మాత్రం పోతలేదు."

ఇక్కడే మనిషి బయటపడతాడు. సగం మంది ఆ అన్న ఫోన్‌ను తిట్టి, కొత్తది కొనుక్కోమని సలహా ఇచ్చి బండెక్కేస్తారు. అసలు సంగతేమిటంటే, పెట్టె గొంతు పెద్దది, ఫోన్ గొంతు చిన్నది. పెట్టె అరిస్తే ఫోన్‌కు వినపడుతుంది, అందుకే గీతలు నిండుగా కనిపిస్తాయి. ఫోన్ ఇచ్చే జవాబు మాత్రం పెట్టె దాకా చేరదు. దీనికి పవర్ ఇంకా పెంచేవాళ్లు ఉన్నారు. పెట్టె మరింత గట్టిగా అరుస్తుంది, అంతే. చేయాల్సింది పెట్టెను మనుషులకు దగ్గరగా జరపడం, లేదా ఇంకొకటి పెట్టడం. "ఫుల్లుంది కానీ పోతలేదు" అన్న ఫిర్యాదును అబద్ధమనుకోకుండా విన్నవాడికే ఇది తడుతుంది. కాటా దగ్గర రోజంతా కూర్చునే మనిషికి ఆ యార్డు గురించి మీకన్నా ఎక్కువే తెలుసు, అడగండి.

ఎత్తు గురించి కూడా ఇంతే. నీళ్ల ట్యాంకు మీద పెట్టించమని సేటే పట్టుబడతాడు, ఎంత పైనుంటే అంత దూరం వస్తుందని ఆయన లెక్క. చుట్టూ అన్ని వైపులకూ పంపే యాంటెన్నా సిగ్నల్‌ను అడ్డంగా విసురుతుంది, తన కిందకు బాగా తక్కువ. ట్యాంకు మీద పెట్టిన పెట్టె పక్క వీధికి అందుతుంది, సరిగ్గా దాని కింద నిలబడ్డ హమాలీకి అందదు. మామూలు యార్డుకు నాలుగైదు మీటర్ల ఎత్తు సరిపోతుంది. 2016 జనవరిలో ముంబై సెంట్రల్‌లో రైల్‌టెల్, గూగుల్ కలిసి మొదలుపెట్టిన స్టేషన్ వైఫై ఆ తర్వాత 6,000కు పైగా స్టేషన్లకు పాకింది. పెద్ద స్టేషన్‌కు వెళ్లినప్పుడు తల ఎత్తి చూడండి, ప్లాట్‌ఫాం పొడవునా కప్పు మీద కాదు, కప్పు కిందే చిన్న చిన్న పెట్టెలు కనిపిస్తాయి. డబ్బిచ్చేవాడి మాటను కాదనడం మొహమాటంగానే ఉంటుంది. కాదని ఊరుకోకండి, ఒక పెట్టెను తాత్కాలికంగా పైన కట్టి, ఆయన చేతికే ఫోన్ ఇచ్చి కింద నిలబెట్టండి. వాదన అక్కర్లేదు.

ఇక ఎవరికీ కనపడని పనులు. బయటి పెట్టె మీద ఐపీ 67 అని ఉంటుంది. మొదటి అంకె 6 అంటే దుమ్ము లోపలికి చొరబడదని, రెండో అంకె 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట మునిగినా తట్టుకుంటుందని. మన మిల్లుల ఊక దుమ్ముకు ఆ 6 చాలా అవసరం. అయితే ఆ హామీ పెట్టె మూసి ఉన్నంతవరకే. కేబుల్ దూర్చే చోట రబ్బరు గ్లాండు బిగించకుండా వదిలేస్తే 67 కాస్తా సున్నా. కేబుల్ దూరే కంత ఎప్పుడూ కిందికే ఉండాలి. పెట్టెలోకి పోయే ముందు కేబుల్‌ను కొంచెం కిందికి వదిలి మళ్లీ పైకి తిప్పండి, వాన చుక్క ఆ వంపు దగ్గరే జారి నేల మీద పడుతుంది. దీనికి ఖర్చు అరడుగు వైరు. తెల్ల ప్లాస్టిక్ కేబుల్ టైలు మన 45 డిగ్రీల ఎండకు పెళుసెక్కి విరుగుతాయి, ఎండను తట్టుకునే నల్లవో, స్టీలు క్లాంపులో వాడండి.

కేబుల్ దగ్గర మీ నిజాయితీకి పరీక్ష. రాగి పూత పూసిన అల్యూమినియం తీగ చవక. చూడటానికి అసలు రాగిలాగే ఉంటుంది, సేటుకు తేడా తెలియదు. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా తేలుతుంది. ఈ పెట్టెకు కరెంటు కూడా ఆ నెట్ కేబుల్‌లోంచే వెళ్తుంది కాబట్టి, పొడవు పెరిగేకొద్దీ చవక తీగలో కరెంటు తగ్గిపోతుంది, పెట్టె మధ్యమధ్యలో ఆగి మళ్లీ మొదలవుతుంది. అసలు రాగి కేబుల్‌కైనా 100 మీటర్లే హద్దు. దాటితే ఫైబర్ లాగండి. దానివల్ల ఇంకో లాభం, పిడుగు పడ్డప్పుడు గాజు పోగు వెంట కరెంటు ఆఫీసులోకి రాదు. రాగి వాడినచోట స్తంభానికి ఎర్తింగ్, లైనుకు సర్జ్ ప్రొటెక్టర్ పెట్టాల్సిందే. ఏప్రిల్, మే నెలల్లో ఉరుములతో వచ్చే అకాల వానలు ఈ జిల్లావాళ్లకు కొత్త కాదు. "ఎర్తింగ్ ఎందుకు, దండగ" అంటే, వద్దన్నది ఆయనేనని బిల్లు మీద రాసి సంతకం అడగండి. చాలామంది అక్కడే ఒప్పుకుంటారు.

ఒక్కోసారి "ఈ రోజు ఎక్కను" అనడం కూడా రావాలి. సిమెంటు రేకుల కప్పు మీద అడుగు వేస్తే రేకు విరిగి కిందికి పోతారు. పక్కనే 11 కేవీ లైను ఉంటే పొడవాటి జీఐ పైపు పైకి లేపడమే ప్రమాదం. పట్టీ లేకుండా, తడి నిచ్చెన మీద, చీకటి పడుతుండగా ఎక్కి చూపించే ధైర్యానికి ఎవరూ అదనంగా రూపాయి ఇవ్వరు.

పాస్‌వర్డ్ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. దాన్ని తమ దగ్గరే దాచుకుంటే కస్టమర్ ఎప్పటికీ తమనే పిలుస్తాడని కొందరి తెలివి. పనితనం మీద నమ్మకం లేనివాళ్ల తెలివి అది. పెట్టెతో వచ్చిన పాత పాస్‌వర్డ్ మార్చండి, కొత్తది కాగితం మీద రాసి కవరులో పెట్టి సేటుకే ఇవ్వండి. స్విచ్ దగ్గర కేబుల్‌కు చీటీ అంటించండి: ఎక్కడికి పోతుంది, ఏ రోజు వేశాం. ఆర్నెల్ల తర్వాత రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వస్తే, మీరు కోదాడలో ఉన్నా ఆ చీటీ చదివించి సగం సమస్యలు అక్కణ్నుంచే తేల్చేయొచ్చు.

రేటు దగ్గర సిగ్గుపడకండి. పక్కవాడు తక్కువకు చేస్తున్నాడంటే కేబుల్ ఏది, ఎర్తింగ్ ఉందా, వాన పడ్డాక వస్తాడా అని మూడు ప్రశ్నలు సేటుచేత అతణ్ని అడిగించండి. మీ కాగితంలో మాత్రం ఆ మూడూ ముందే రాసి ఉండాలి. మొదటి పెద్ద వాన పడ్డ మర్నాడు పిలవకుండానే వెళ్లి గ్లాండు విప్పి చూడండి, తడి కనిపిస్తే అప్పుడే మార్చేయండి. దానికి బిల్లు వేయకండి.