పే స్లిప్పు తియ్యి చెల్లె

చెల్లె, బిడ్డకు డాక్టర్ చదువు అనంగనే మన పటేల్‌గూడల అందరి చూపు పోయేది ప్లాటు మీదికే. బీరంగూడ దిక్కు ధరలు పెరగకముందు కడుపు కట్టుకొని కొన్న వంద గజాలు. నీట్ ఫలితం వచ్చిన సాయంత్రానికే ఇంట్ల లెక్కలు మొదలైతయి. ప్లాటు ఎంతకు పోతది, చిట్టీ ఎప్పుడు ఎత్తుదాం, మేనమామ ఎంత సర్దుతడు. నేను చెప్పేది వేరే. ప్లాటు కాగితాలు బీరువాలనే ఉండనియ్యి. ముందుగాల మా మరిది పే స్లిప్పు తియ్యి.

అండ్ల ఈఎస్‌ఐ అని ఒక కోత ఉంటది చూడు. పాశమైలారం, బొల్లారం, పటాన్‌చెరు ఫ్యాక్టరీలల్ల 21 వేల లోపు జీతం ఉన్నోళ్లకు వంద మీద ముప్పావు రూపాయి పోతది. యజమాని ఇంకో మూడుంబావు కడ్తడు. మనకు ఈఎస్‌ఐ అంటే రామచంద్రాపురం ఆస్పత్రి, అక్కడి లైను, గోలీలు. అంతకు మించి తెల్వది. గాని ఆ సంస్థకు సొంత మెడికల్ కాలేజీలు ఉన్నయి చెల్లె. సనత్‌నగర్‌ల ఉన్నది 2016ల మొదలైంది. మనం రోజూ బస్సుల పోయే దారికి ఆవలనే. జహీరాబాద్ దాటి కర్ణాటకకు పోతే కలబురగిల ఇంకోటి. ఫరీదాబాద్, చెన్నై, బెంగళూరు, కోల్‌కతా దిక్కు కూడా ఉన్నయి. ఆ కాలేజీలల్ల కొన్ని సీట్లు ఈఎస్‌ఐ చందా కట్టే కార్మికుల పిల్లల కోసమే పక్కకు పెడ్తరు. ఐపీ (ఇన్సూర్డ్ పర్సన్) కోటా అంటరు దాన్ని. కార్పొరేట్ కాలేజీల చదివిన దేశంల పిల్లలందరితోని కాదు, కార్మికుల పిల్లలతోనే పోటీ. అందుకే జనరల్‌ల సీటు రాని ర్యాంకుకు కూడా అక్కడ ఆశ ఉంటది. ట్యూషన్ ఫీజు వేలల్లనే, లక్షలల్ల కాదు.

ఇంత పెద్ద తలుపు మన గల్లీలల్ల ఎందరికి తెలుసు? ఫ్యాక్టరీ గేటు కాడ ఎవరూ చెప్పరు. కోచింగ్ సెంటర్లోళ్లకు మన పే స్లిప్పుతోని పనిలేదు.

అయితే ఇది అడిగినోళ్లకల్లా దొరికేది కాదు. బిడ్డ నీట్ పాసై ఉండాలె. కార్మికుని బిడ్డ అని ఈఎస్‌ఐ సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ కావాలె. ఎన్నేండ్ల నుంచి చందా పడుతున్నది, ఒక్కో ఆరు నెలల్ల ఎన్ని రోజుల పని లెక్కలకు ఎక్కింది అన్నది చూసే అది ఇస్తరు. ఈ సీట్లకు కౌన్సెలింగ్ రాష్ట్రం సీట్ల లెక్క వరంగల్‌ల కాదు, ఢిల్లీ నుంచి నడిచే ఎంసీసీ ఆన్‌లైన్ కౌన్సెలింగ్. ఆ రిజిస్ట్రేషన్ల ఐపీ కోటా అని గుర్తు పెట్టకపోతే ఎంత ర్యాంకు వచ్చినా ఆ సీటు మన దిక్కు చూడది.

ఇంకో చిక్కు మన ఫ్యాక్టరీల బెల్టుదే. పర్మినెంటు నౌకరీలు ఎన్ని? సగం మంది కాంట్రాక్టర్ కిందనే కదా. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా పాత నంబరు అడగకుండ కొత్త ఈఎస్‌ఐ నంబరు తీస్తరు. పదేండ్లు పనిచేసిన మనిషి, కాగితం మీద నిన్న మొన్న చేరినోడైతడు. అందుకే నంబరు ఒక్కటే నడిచేటట్టు చూసుకోవాలె. కొత్త కాంట్రాక్టర్ కాడ చేరిన రోజే పాత నంబరు రాసి ఇయ్యాలె. ఈఎస్‌ఐ కార్డుల కుటుంబం వివరాలల్ల బిడ్డ పేరు ఎక్కిందా, పదో తరగతి మెమోల ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండ ఉన్నదా అన్నది బిడ్డ ఇంటర్‌ల ఉన్నప్పుడే చూడు. ర్యాంకు వచ్చినంక దిద్దుకుందాం అంటే వారం పది రోజుల్ల కానే కాదు.

ఇగ రాష్ట్రం సీట్ల సంగతి. వరంగల్‌ల ఉన్న కాళోజీ యూనివర్సిటీ వీటిని నింపుతది. మన జిల్లాకే 2022ల సర్కారు మెడికల్ కాలేజీ వచ్చింది, సంగారెడ్డిల, 150 సీట్లతోని. సర్కారు కాలేజీల ట్యూషన్ ఫీజు ఏడాదికి పది వేలు. ప్రైవేటు కాలేజీల కన్వీనర్ కోటా అయితే అరవై వేలు. అదే కాలేజీల, అదే బెంచీ మీద, బీ కేటగిరీల, అంటే మేనేజ్‌మెంట్ సీట్ల, కూసున్నోళ్లకు పదకొండు లక్షలు దాటుతది. ఫీజులు అప్పుడప్పుడు సవరిస్తరు గనుక ఆ ఏటి నోటిఫికేషన్ చూసుకోవాలె. గాని ఈ మూడింటి నడుమ దూరం మాత్రం పెద్దదే. కోర్సు అయ్యేసరికి బీ కేటగిరీ యాభై లక్షల పైమాటే.

కన్వీనర్ కోటాకు ఇంకో కాగితం ఉన్నది, దీని మీదనే మనోళ్లు ఎక్కువ దెబ్బ తింటున్నరు. 2024 జూలైల వచ్చిన జీవో 33 ప్రకారం తొమ్మిది, పది, ఇంటర్ రెండేండ్లు తెలంగాణల చదివితేనే లోకల్. 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు కూడా దాన్ని సమర్థించింది. పటేల్‌గూడ అంటే శ్రీకాకుళం నుంచి, కర్నూలు నుంచి, బీదర్ నుంచి బతుకుదెరువుకు వచ్చినోళ్ల ఊరు. పిల్లలను సొంతూర్ల నాయినమ్మ కాడ ఉంచి చదివించినోళ్లు ఉన్నరు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలను ఇంటర్‌కు విజయవాడ, గుంటూరు హాస్టళ్లకు తోలినోళ్లూ ఉన్నరు. ఆ రెండేండ్ల కోచింగ్‌కు లోకల్ హక్కు మారకం పెట్టినట్టే. మీ చిన్నోడు ఇప్పుడు తొమ్మిదిల ఉన్నడు కదా, ఈ ముచ్చట వాని కోసం కూడా.

సీటు కన్వీనర్ కోటాల వచ్చిందనుకో. అప్పుడు ఫీజు రీయింబర్స్‌మెంట్. 2008ల రాజశేఖరరెడ్డి సర్కారు పెట్టిన పథకం, ఇప్పటిదాక పేదింటి పిల్లలను పెద్ద చదువులకు తోలుకపోయింది ఇదే. తెలంగాణ ఈపాస్ వెబ్‌సైట్‌ల దరఖాస్తు చెయ్యాలె. ఆధార్, కులం సర్టిఫికెట్, మీసేవల తీసిన ఆదాయం సర్టిఫికెట్, మెమోలు, బ్యాంకు పాస్‌బుక్కు, సీటు అలాట్‌మెంట్ కాగితం. కాలేజీ పరిశీలించి పంపుతది, తర్వాత సంక్షేమ శాఖ. హాజరు వంద మీద డెబ్బై అయిదు ఉండాలె. ఒక్కసారి పెట్టి మరిచిపోతే కాదు, ఏడాదికోసారి రెన్యువల్ చెయ్యాలె. మేనేజ్‌మెంట్ సీటుకు ఇది రాదు. ‘ముందు బీ కేటగిరీల చేరండి, తర్వాత స్కాలర్‌షిప్ ఇప్పిస్త’ అని ఎవడన్నా అంటే వాకిలి చూపియ్యి.

బీసీ, ఈబీసీ ఇండ్లకు ఆదాయం పరిమితి ఊర్లల్ల లక్షన్నర, పట్నంల రెండు లక్షలు. మన పటేల్‌గూడ 2024 దాక పంచాయతీనే, తర్వాత అమీన్‌పూర్ మున్సిపాలిటీల కలిపిండ్రు. పన్నులు పెరుగుతయని తిట్టుకున్నం గాని, ఈ ఒక్క లెక్కల మాత్రం పట్నం కిందికి రావుడే మేలు. పాత కాగితాలల్ల గ్రామం అని ఉంటే మీసేవల దరఖాస్తు పెట్టేటప్పుడే సరిచూసుకో.

ఇక్కడ నాకు కోపం వచ్చే మాట ఒకటి చెప్త. రెండు లక్షలను పన్నెండుతోని భాగిస్తే నెలకు 16,666 రూపాయలు. నైట్ షిఫ్టులు చేసి, రసాయనాల వాసనల నిలబడి 18 వేలు తెచ్చే మనిషి సర్కారు లెక్కల సాయం అక్కరలేనోడు. బియ్యం ధర, ఇంటి కిరాయి పెరిగినయి, ఈ గీత మాత్రం జరగలె. అదే కేంద్రం ఈడబ్ల్యూఎస్ రిజర్వేషన్‌కు ఎనిమిది లక్షల దాక పేదలే అంటది. రెండు సర్కార్లకు పేదరికం రెండు తీర్లు. ఈ పరిమితి పెంచాలె. పెంచేదాక పే స్లిప్పు చేతిల ఉన్నోడు నిజాయితీగ నష్టపోతడు, లెక్క చూపని ఆదాయం ఉన్నోడు దర్జాగ సర్టిఫికెట్ తీస్తడు.

మంజూరైన పైసలు కూడా టైముకు రావు. బకాయిలు ఇయ్యలేదని 2025 నవంబర్ మొదటి వారంల ప్రైవేటు కాలేజీలు బందు పెట్టినయి, యాదికుందా? అందుకే అరవై వేలు సర్కారే కడ్తది లే అని చేతులు కట్టుకొని కూసోవద్దు. కొన్ని కాలేజీలు ముందు మీరు కట్టండి, సర్కారు ఇచ్చినంక వాపస్ ఇస్తం అంటయి. కట్టినకాడికి రసీదు తీసుకో, దాని మీద దేనికి కట్టినమో రాయించుకో. హాస్టల్, మెస్, పుస్తకాలు వేరే. ఫీజు కంటే అవే బరువైతయి కొన్ని చోట్ల. చేరకముందే సీనియర్ల అమ్మలను అడుగు, కాలేజీ ఆఫీసును కాదు.

ఇంకా తక్కువ పడితే బ్యాంకు లోను. నాలుగు లక్షల దాక తల్లో తండ్రో కలిసి సంతకం పెడితే చాలు, ఏమీ కుదవ పెట్టే పనిలేదు. ఏడున్నర లక్షల దాక కూడా కేంద్రం గ్యారంటీ పథకం కింద ఆస్తి అడగకుండ ఇయ్యొచ్చు. చదువు అయిపోయినంక ఏడాది దాక కిస్తీ ఉండది, తర్వాత పదిహేనేండ్ల దాక తీర్చొచ్చు. ఇంటి ఆదాయం నాలుగున్నర లక్షల లోపుంటే, గుర్తింపు ఉన్న కాలేజీ అయితే, పది లక్షల దాక తీసుకున్న లోను మీద చదువుకునే కాలంల మిత్తి కేంద్రమే భరించే పథకం ఉన్నది. 2024 నవంబర్‌ల కేంద్రం ఒప్పుకున్న పీఎం విద్యాలక్ష్మి పథకంల ఎనిమిది లక్షల ఆదాయం దాక మూడు శాతం మిత్తి తగ్గిస్తరు, గాని జాబితాల ఉన్న కాలేజీలకే. దరఖాస్తు ఆన్‌లైన్‌లనే. మేనేజరు ‘చూద్దాం’ అని నోటితోని తిప్పి పంపితే ఆన్‌లైన్ దరఖాస్తు నంబరు చూపియ్యి. కాదంటే ఎందుకు కాదో రాసి ఇయ్యమని అడుగు, గొంతు పెంచకుండ అడుగు.

ఫైనాన్సోని కాడ నూటికి రెండు రూపాయల మిత్తి అంటే లక్షకు ఏడాదికి 24 వేలు. బ్యాంకుల పది వేలకు అటూ ఇటూ. ఈ లెక్క మా మరిదికి కాగితం మీద రాసి చూపియ్యి, మగోళ్లు నోటి మాట వినరు.

పెద్ద లోనుకు బ్యాంకు ఆస్తి కాగితం అడుగుతది. నోటరీ ప్లాటును బ్యాంకు ముట్టది. 2024 సెప్టెంబర్‌ల మన పటేల్‌గూడలనే సర్కారు జాగా అని హైడ్రా అధికారులు ఇండ్లు కూలగొట్టినంక కాగితాలు ఇంకా గట్టిగ చూస్తున్నరు. కాబట్టి ప్లాటు పెట్టి బీ కేటగిరీ అనే మాట నోట్లకెళ్లి వచ్చేముందు ఆ ప్లాటుకు బ్యాంకుల ఏం విలువ కడ్తరో అడిగి తెలుసుకో.

విదేశాల ఎంబీబీఎస్ ఏజెంట్ల మాటలకు వస్తే, మన రాష్ట్రం విదేశీ విద్యానిధి పీజీ చదువులకు. ఇంటర్ అయినంక జార్జియా పోయే పిల్లకు అది వస్తదని చెప్పేటోడు అబద్ధం చెప్తున్నడు. ఆడపిల్లకు అయితే కోటక్ కన్య స్కాలర్‌షిప్ ఒకటి చూడు. ఆరు లక్షల లోపు ఆదాయం, ఇంటర్‌ల మంచి మార్కులు, కాలేజీకి గుర్తింపు ఉంటే ఏడాదికి లక్షన్నర దాక ఇస్తరు. దొరుకుడు కష్టమే, గాని దరఖాస్తుకు పైసా ఖర్చు లేదు.

అన్నట్టు, పే స్లిప్పు అంటే మా మరిదిదే అని ఎందుకనుకున్నవ్? బొల్లారంల మందుల ప్యాకింగ్‌కు పోయే ఆడోళ్లు మన గల్లీలనే ఎందరున్నరు. నీ జీతంల కూడా ఆ ముప్పావు రూపాయి కోస్తున్నరు కదా. ఐపీ కోటాకు తండ్రే కావాలని లేదు, తల్లి పేరు మీద చందా ఉన్నా బిడ్డకు హక్కే. ఈ నెల పే స్లిప్పు ఇయ్యంగనే నీ ఈఎస్‌ఐ నంబరు రాసి పెట్టుకో. స్లిప్పే ఇయ్యకపోతే సూపర్‌వైజర్‌ను అడుగు, ఒక్కదానివే కాదు, లైన్ల ఉన్న నలుగురూ కలిసి అడగండి.