కేకులో ప్రొటీన్ లెక్క

స్కాలర్‌షిప్ డబ్బు చేతికి రాగానే ప్రొటీన్ పొడి డబ్బా కొంటామనే పిల్లలు మన రాజపాళయంలోనూ కనబడుతున్నారు. బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరయిన వాణ్ణి, బి.కాం. చదివినవాణ్ణి. కనుక ఈ సంగతిని జమాఖర్చు పద్ధతిలోనే చెబుతాను.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన సిఫార్సు ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 50 కిలోలున్న కాలేజీ విద్యార్థికి 41.5 గ్రాములన్న మాట. కండ పెంచుకోవడానికి ప్రొటీన్ పొడులు వాడవద్దని 2024 మార్గదర్శకాలలో వారే చెప్పారు.

ఇక 'హై ప్రొటీన్' అనే మాట. 2018 నాటి ఆహార భద్రతా నిబంధనల ప్రకారం, ఘనాహారమైతే 100 గ్రాములలో రోజువారీ సిఫార్సులో 20 శాతం ఉండాలి. 65 కిలోల పురుషునికి 54 గ్రాములు; అందులో 20 శాతం 10.8. ఇంట్లో చేసే చాక్లెట్, కాఫీ కేకు ఈ గీత దాటుతుందా? చూద్దాం.

పుట్నాల పప్పు, అంటే మన కొట్లలో అడిగే పొట్టుకడలై, పొడి చేసి 100 గ్రాములు (ప్రొటీన్ సుమారు 22). గోధుమపిండి 50 (5). వెన్న తీసిన పాలపొడి 50 (17). తీపి లేని కోకో పొడి 25 (5). వేయించిన వేరుశనగ 50 (12). బాదం 25 (5). గుడ్లు 3 (18). పెరుగు 100 (3). చక్కెర 125, నూనె 60 మి.లీ., చిక్కటి డికాషన్ 75 మి.లీ., బేకింగ్ పౌడర్ రెండు చిన్న చెంచాలు. వీటి ఖాతాలో సున్నా. మొత్తం 87 గ్రాములు.

బాదం ఖరీదెక్కువని ప్రొటీన్ కూడా ఎక్కువనుకోవద్దు. ఆ వరుసలో వేరుశనగే ముందు. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి కడలైమిఠాయి బలమంతా ఆ గింజదే. బాదం మానేసి మొత్తం వేరుశనగే వేసినా నష్టం లేదు.

వేడి డికాషన్‌లో కోకో కలిపి ముద్ద చేసి చల్లారనివ్వండి. అప్పుడు రంగు, వాసన బాగా తేలుతాయి. కాఫీ చేదు చాక్లెట్ రుచిని ఇంకా లోతు చేస్తుంది. గుడ్లు, చక్కెర నురగ వచ్చేదాకా గిలక్కొట్టి నూనె, పెరుగు, కోకో ముద్ద కలపాలి. పొడులన్నీ జల్లించి వేసి, గింజలు పలుకులుగా కొట్టి చేర్చండి. పుట్నాల పిండికి సాగే గుణం లేదు. గోధుమపిండి, గుడ్లు లేకపోతే ముక్క పొడిపొడిగా రాలిపోతుంది.

ఓవెన్ ఉంటే 170 డిగ్రీలు, 40 నిమిషాల దాకా. లేకుంటే అడుగు మందమైన పాత గిన్నెలో ఉప్పు పరచి, స్టాండు పెట్టి, మూత వేసి పది నిమిషాలు వేడి చేయండి. నూనె రాసిన కేకు పాత్రను అందులో ఉంచి, సన్నని మంట మీద 50 నిమిషాలు. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు. పాలపొడి వల్ల పైభాగం త్వరగా నల్లబడుతుంది, మంట పెంచవద్దు. పూర్తిగా చల్లారాకే కోయండి.

మా ఇంట్లో తూచితే 730 గ్రాములు వచ్చింది. అంటే 100 గ్రాములకు దాదాపు 11.9. గీత దాటింది! పన్నెండు ముక్కలు చేస్తే ఒక్కొక్క దానిలో 7 గ్రాములకు పైగా, ఒక గుడ్డుకంటే కొంచెం ఎక్కువ. అదే ముక్కలో పది గ్రాముల చక్కెర కూడా ఉందని తల్లులు గమనించాలి. మిగతా 34 గ్రాములు పప్పు, పెరుగు, సుండల్, గుడ్డు నుంచే రావాలి. వేరుశనగ పడని పిల్లలకు ఇది పెట్టకూడదు. కాఫీ ఉంది గనుక చిన్నపిల్లలకు వద్దు. రాత్రి చదువుకునేవారు సాయంత్రం లోపలే తినడం మంచిది.

గుడ్డు తినని ఇంట్లో పెరుగు 150, పాలపొడి 75 గ్రాములు చేయండి. ముక్క కాస్త బరువుగా వస్తుంది. ప్రొటీన్ ఎంత వస్తుందో పై అంకెలతో పిల్లల చేతనే కూడించండి. పక్కన ఇంకో వరుస గీసి మీ కొట్టు ధరలు రాయమనండి. గ్రాము ప్రొటీన్‌కు ఎంత పడిందో తేలాక, డబ్బా మీది ధరను కూడా అదే విధంగా భాగించి పక్కన పెట్టాలి.